ఒక్క మెతుకు చాలదు



అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గిన్నెంతా కలిపి చూడక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన పెద్దలు. మా అమ్మ అలాగే చూసేది. గరిటె చివర రెండు మెతుకులు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, పలుకు తగలకపోతే గంజి వార్చేసేది. ఆమె లెక్క తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ మెతుకు లెక్క పాటలకు పనికొస్తుందా? ఇవాళ్టి నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్న గురించే. ఒక బ్యాండు ఆల్బమ్ తెస్తోంది. అందులో 20 పాటలు. ఆల్బమ్ ఇంకా ఆరు నెలలు ఉందనగా ఒక పాట వదులుతారు, తర్వాత నెలకొకటో రెండో వదులుతూ పోతారు. వీటిని సింగిల్స్ అంటారు. ఆ నాలుగు పాటలూ పట్టుకుని రాబోయే 20 పాటల సంగతి ఊహించుకుంటూ కూర్చోవడం సంగీతప్రియులకు పెద్ద సరదా. ఆ సరదాలో నేను పడి, ఒకటికి నాలుగుసార్లు బోల్తాపడిన వైనం చెబుతాను.

పాట ముందు, బొమ్మ తర్వాత అన్నది మనకేమీ కొత్త కాదు. మా చిన్నప్పుడు సినిమా మా ఊరి హాలుకు వచ్చేలోగా దాని పాటలు రేడియోలో అరిగిపోయేవి. వివిధ భారతిలో వినేవాళ్లం, జనరంజనిలో వినేవాళ్లం, రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వెనకాలే వినేవాళ్లం. పాట విని కథ అల్లేసుకునేవాళ్లం. జోలపాట విషాదంగా ఉందంటే తల్లి పాత్ర బతకదని తేల్చేసేవాళ్లం. హాల్లోకి వెళ్లాక ఆ తల్లి శుభం కార్డు దాకా నిక్షేపంగా తిరుగుతుండేది. పాట అబద్ధం చెప్పలేదు. అది చెప్పని కథని మేమే దాని నోట్లో పెట్టాం.

ఈ కాలంలో ఆ పని లిరికల్ వీడియో చేస్తోంది. 2021 ఆగస్టు 1న, స్నేహితుల దినోత్సవం నాడు, ఆర్ఆర్ఆర్ సినిమా నుంచి 'దోస్తీ' పాట వచ్చింది. రాసినవారు సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. నవంబరు 10న 'నాటు నాటు' వచ్చింది. సినిమా మాత్రం వాయిదాలు పడి, చివరికి 2022 మార్చి 25న తెరమీదికి వచ్చింది. అప్పటికి సిరివెన్నెల గారు లేరు, 2021 నవంబరు 30నే వెళ్లిపోయారు. అంటే ఆయన జీవితకాలంలో 'దోస్తీ' సినిమా లేని పాటగానే బతికింది. ముందొచ్చే పాటకు తన కాళ్ల మీద తాను నిలబడే బలం ఉండాలి. వెనక వచ్చేదాన్ని అది మోయలేదు, మోయాల్సిన పనీ లేదు.

సరిగ్గా ఆ నెలల్లోనే, మన ఇళ్లల్లో 'దోస్తీ' మోగుతున్నప్పుడే, అమెరికాలో నలుగురు మనుషుల బ్యాండు ఒకటి ఇలాగే పాట తర్వాత పాట వదలడం మొదలుపెట్టింది. ఆ బ్యాండు పేరు బిగ్ థీఫ్, గజదొంగ అనుకోండి. 2021 ఆగస్టు 10, మంగళవారం. డెన్వర్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు వాళ్ల కొత్త పాటలు రెండింటి లింకు పంపి, "మామయ్యా, ఇవి రెండూ విని ఆల్బమ్ ఎలా ఉంటుందో చెప్పు చూద్దాం" అన్నాడు. నేను గోడ క్యాలెండరులోంచి అప్పటికే చించిన జూలై కాగితం వెనక్కి తిప్పి, నా ఊహ రాసిపెట్టాను. ఆ కాగితం సంగతి మళ్లీ చెబుతాను.

ముందు ఆ బ్యాండు గురించి రెండు ముక్కలు. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో 2015 ప్రాంతంలో కలిసినవాళ్లు. పాటలు రాసి పాడేది ఏడ్రియన్ లెంకర్. గిటారు బక్ మీక్. బేస్ గిటారు మ్యాక్స్ ఒలియార్చిక్. డ్రమ్స్ జేమ్స్ క్రివ్చేనియా. వీళ్లని ఇండీ బ్యాండు అంటారు. పెద్ద కంపెనీల గొడుగు కింద కాకుండా చిన్న స్వతంత్ర సంస్థల ద్వారా రికార్డులు తెచ్చుకునేవాళ్లకు వాడుకలోకి వచ్చిన పేరు అది. 2016లో 'మాస్టర్‌పీస్', 2017లో 'కెపాసిటీ' అనే ఆల్బమ్‌లు శాడిల్ క్రీక్ అనే సంస్థ నుంచి వచ్చాయి. తర్వాత లండన్‌కు చెందిన ఫోర్ ఏడీ సంస్థకు మారారు. 2019లో ఒకే ఏడాది రెండు ఆల్బమ్‌లు తెచ్చారు. మేలో వచ్చినదాని పేరు 'యూ ఎఫ్ ఓ ఎఫ్', అక్టోబరులో వచ్చినదాని పేరు 'టూ హ్యాండ్స్'. మొదటిది వాషింగ్టన్ రాష్ట్రపు పచ్చని అడవుల మధ్య ఉన్న స్టూడియోలో తీశారు. రెండోది టెక్సస్‌లో మెక్సికో సరిహద్దు దగ్గర టోర్నిల్లో అనే ఊళ్లో, ఎడారి పక్కన తీశారు. మొదటిది తడిసిన నేల మీద నడిచినట్టు మెత్తగా ఉంటుంది. రెండోది ఎండలో ఎండిన మట్టిపెళ్లలాగా గరుగ్గా ఉంటుంది. చోటు మారితే వీళ్ల పాట రంగు మారుతుందని అప్పుడే తెలిసిపోయింది. తెలిసినా నాకు ఉపయోగపడలేదనుకోండి.

2020 మార్చిలో కరోనా వల్ల వాళ్ల ఐరోపా పర్యటన మధ్యలో ఆగిపోయింది. లెంకర్ మసాచూసెట్స్‌లో అడవి మధ్య ఒక చిన్న చెక్క ఇంట్లో తలదాచుకుని, ఒంటరిగా పాటలు రాసి, ఆ అక్టోబరులో సొంతంగా రెండు ఆల్బమ్‌లు తెచ్చింది. బ్యాండు మళ్లీ కలిసినప్పుడు ఆమె దగ్గర పాటలు గుట్టలుగా ఉన్నాయి. అన్నీ ఒక తీరువి కావు. ఒకటి జానపదం, ఒకటి హోరెత్తే రాక్, ఒకటి నవ్వులాట, ఒకటి గుసగుస. అప్పుడు డ్రమ్మర్ క్రివ్చేనియా ఒక ఆలోచన చెప్పాడు. ఇన్ని రకాల పాటల్ని ఒకే స్టూడియోలో, ఒకే ఇంజనీరు చేతిలో పెట్టకుండా, నాలుగు చోట్లకు వెళదాం, నలుగురు ఇంజనీర్లతో పనిచేద్దాం అని. మిగతావాళ్లు సరేనన్నారు, నిర్మాణ బాధ్యత అతనే తీసుకున్నాడు.

అలా న్యూయార్క్ రాష్ట్రం పైభాగాన కాట్స్‌కిల్ కొండల్లో శామ్ ఎవియన్ స్టూడియో, కాలిఫోర్నియాలో టోపాంగా లోయలో షాన్ ఎవరెట్‌తో ఒక మజిలీ, కొలరాడోలో రాకీ పర్వతాల మీద డామ్ మంక్స్‌తో కొన్నాళ్లు, చివరికి అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో స్కాట్ మెక్‌మికెన్ ఇల్లు. కొండ, లోయ, మంచు, ఎడారి. నాలుగు మజిలీలూ తిరిగి వచ్చేసరికి చేతిలో 45 పాటలు తయారయ్యాయి. వాటిలోంచి 20 ఏరుకున్నారు. మన భాషలో చెప్పాలంటే నాలుగు ఊళ్లల్లో నాలుగు పొయ్యిల మీద వండి, ఒక్క విస్తట్లో వడ్డించిన భోజనం అది. వచ్చిన చిక్కు ఏమిటంటే, మొదటి మెతుకు నా చేతికొచ్చిన రోజుకి ఈ పొయ్యిల లెక్క నాకు తెలియదు.

ఆగస్టు 10న వచ్చినవి రెండు పాటలు. ఒకటి 'లిటిల్ థింగ్స్', టోపాంగాలో తీసింది. గిటార్లు తిరునాళ్లలో రంగులరాట్నంలా గిర్రున తిరుగుతుంటాయి. ప్రేమలో పడ్డ మనిషి ఊపిరి అందక మాట్లాడుతున్నట్టు గొంతు పరిగెడుతుంది. తాళం ఎక్కడ మారుతుందో మనకి అంతుపట్టదు. వాయిస్తున్నవాళ్లకీ పూర్తిగా తెలియదట. ఎప్పుడు మారుతుందో ఊహించుకుంటూ డ్రమ్స్, బేస్ వెంబడించాయని బక్ మీక్ చెప్పాడు. పడిపోతే పట్టుకుంటారన్న నమ్మకంతో వెనక్కి వాలినట్టుంటుంది ఆ పాట. రెండోది 'స్పారో', పిచ్చుక. కాట్స్‌కిల్ కొండల్లో తీసింది. ఆదాము, హవ్వల తోట కథని నెమ్మదిగా, మంట చుట్టూ కూర్చుని చెప్పుకున్నట్టు చెబుతుంది. ఒక్క తీగ కూడా తొందరపడదు.

ఈ రెండూ విని నేను క్యాలెండరు కాగితం మీద ఏం రాశానంటే, "ఆల్బమ్‌లో సగం సుడిగాలి, సగం నిప్పుల కుంపటి. మొదటి వైపు వేగం, రెండో వైపు నిదానం." ఎంత తెలివిగా ఉందో చూడండి. రెండు మెతుకులు దొరికాయి కాబట్టి రెండు వాటాలు వేసేశాను. మూడోది కూడా ఉంటుందేమోనన్న అనుమానమే రాలేదు.

సెప్టెంబరు 14న మూడోది వచ్చింది, 'సర్టెన్టీ'. ఈ పాట పుట్టుక వింటే కరెంటు కోతలు చూసిన మనవాళ్లకి ముచ్చటేస్తుంది. కాట్స్‌కిల్ కొండల్లో గాలివాన పట్టుకుని మూడు రోజులు కరెంటు లేదు. స్టూడియో ఉంది, యంత్రాలు ఉన్నాయి, ఏమీ పనిచేయవు. లెంకర్, బక్ మీక్ కలిసి కూర్చుని ఒక పాట రాశారు. వాళ్లిద్దరూ ఒకప్పుడు భార్యాభర్తలు, విడిపోయాక కూడా బ్యాండు విడవలేదు. రాసిన పాటని వరండాలో నిలబడి పాడారు. చిన్న టేపు రికార్డరుకి కరెంటు ఎక్కడి నుంచి? బయట నిలబెట్టిన పికప్ బండిలో సిగరెట్ లైటరు ఉండే చోట తీగ తగిలించి తీసుకున్నారు. పాట వింటే వరండా వినిపిస్తుంది. మెరుగులు దిద్దిన శబ్దం కాదు, చెక్కబల్ల మీద కూర్చుని కాళ్లూపుకుంటూ పాడిన శబ్దం. సుడిగాలి లేదు, కుంపటి లేదు. నా కాగితం మీద మొదటి గీత పడింది.

ఇక్కడ కాస్త ఆగి, అసలీ సింగిల్స్ పద్ధతి ఎక్కడిదో చెప్పుకుందాం. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్పీ రికార్డు తెచ్చింది, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడేది. మరుసటి ఏడు ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ చిన్న రికార్డు తెచ్చింది, నిమిషానికి 45 చుట్లు తిరిగేది, వైపుకొక పాట. ఆ చిన్నదే సింగిల్. రేడియోలో మోగడానికీ, కుర్రాళ్లు జేబుడబ్బుతో కొనుక్కోవడానికీ వీలైన సరుకు. బ్రిటన్‌లో చాలాకాలం ఒక మర్యాద ఉండేది. సింగిల్‌గా అమ్మిన పాటని ఆల్బమ్‌లో పెట్టి జనం చేత రెండోసారి కొనిపించకూడదని. ఆ మర్యాద వల్లే 1967 ఫిబ్రవరిలో సింగిల్‌గా వచ్చిన 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్', 'పెన్నీ లేన్' పాటలు బీటిల్స్ ఆ ఏడాదే తెచ్చిన 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్‌లో లేవు. ఆ రెండింటినీ అలా ముందు వదిలేయడం తన వృత్తి జీవితంలో పెద్ద పొరపాటని నిర్మాత జార్జ్ మార్టిన్ తర్వాత బాధపడ్డాడు. మెతుకు చూపించి, ఆ మెతుకుని మళ్లీ గిన్నెలో వేయని వంటవాడన్నమాట.

ఇప్పటి లెక్కలు వేరు. స్పాటిఫై లాంటి చోట పాట 30 సెకన్లు దాటి విన్నారంటేనే ఒక వినికిడిగా లెక్క. పాటని వాళ్ల జాబితాల్లో చేర్చమని అడగాలంటే కనీసం ఏడు రోజుల ముందు చెప్పుకోవాలి, అది కూడా ఒక్కసారికి ఒక్క పాట. ఒకేసారి 20 పాటలు కుమ్మరిస్తే ఒక్కదానికే సిఫారసు, నెలకొకటి వదిలితే ప్రతి నెలా తలుపు తట్టే అవకాశం. 2015 జూలై 10 నుంచి లోకమంతటా ఆల్బమ్‌లు శుక్రవారమే వస్తున్నాయి. వచ్చే శుక్రవారానికల్లా ఇంకో వంద వచ్చిపడతాయి. ఆ రద్దీలో చిన్న బ్యాండు పేరు జనం నోట్లో నానాలంటే ముందునుంచీ పాడుతూ ఉండాల్సిందే.

వినైల్ రికార్డుల గొడవ ఇంకొకటి. చచ్చిపోయిందనుకున్న నల్లరికార్డు మళ్లీ బతికింది, ఇండీ బ్యాండ్లకు కాస్త డబ్బు మిగిల్చేది అదే. రికార్డు అచ్చు వేయాలంటే మామూలుగా ముందు లాకర్ పూత పూసిన పళ్లెం మీద పాటని చెక్కాలి. అలాంటి పళ్లేలు చేసే కర్మాగారాలు ప్రపంచంలో ప్రధానంగా రెండే ఉండేవి. కాలిఫోర్నియాలో ఉన్న అపోలో మాస్టర్స్ 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది, జపాన్‌లోది మిగిలింది. ఆ పైన కరోనా. 2021లో రికార్డు అచ్చుకిచ్చి నెలల తరబడి వరసలో నిలబడటం అందరికీ మామూలైపోయింది. పాటలు చేతిలో ఉంటాయి, పళ్లెం మీదికి రావు. ఆ ఖాళీ నెలలన్నీ సింగిల్స్‌తో నింపుకోవడం తప్ప మార్గం లేదు. మనం తీపిగా ఎదురుచూపు అనుకునేదాంట్లో కొంత భాగం అచ్చు యంత్రం ముందు నిలబడ్డ క్యూ.

సరే, మన గజదొంగల దగ్గరికి వద్దాం. తర్వాత వచ్చింది 'చేంజ్'. మార్పు గురించి, చావు గురించి, పాత ప్రేమ గురించి, ఆకు రాలినంత సులువుగా పాడిన పాట. పాటలో ఆర్భాటం ఒక్క చోట కూడా లేదు. నవంబరు 16న 'టైమ్ ఎస్కేపింగ్' వచ్చింది. కర్ర మీద, రేకు మీద కొట్టినట్టుండే చప్పుళ్లు, మధ్యలో ఎగిరిపడే గొంతు. 'చేంజ్' విని రాసుకున్న "శాంతం" అనే మాట మీద ఇంకో గీత కొట్టాను. దాంతోపాటే ఆల్బమ్ ప్రకటన కూడా వచ్చింది. పేరు 'డ్రాగన్ న్యూ వార్మ్ మౌంటెన్ ఐ బిలీవ్ ఇన్ యూ'. 20 పాటలు. 2022 ఫిబ్రవరి 11న విడుదల. నాలుగు చోట్ల కథ నాకు అప్పుడు తెలిసింది. "మామయ్యా, నీది అన్నం లెక్క. ఇక్కడ నాలుగు గిన్నెలున్నాయి" అని మా మేనల్లుడు నవ్వాడు. ఈ ప్రసంగానికి పేరు పెట్టింది నేనే అయినా, పెట్టించింది వాడే.

నాలుగో పొయ్యి రుచి ఆ తర్వాత తగిలింది. 'నో రీజన్', 'స్పడ్ ఇన్ఫినిటీ' జంటగా వచ్చాయి. 'నో రీజన్'లో పిల్లనగ్రోవి వినిపిస్తుంది, పాతకాలపు నలుగురి పాటలా హాయిగా సాగుతుంది. 'స్పడ్ ఇన్ఫినిటీ' మాత్రం నన్ను కుర్చీలోంచి లేపింది. స్పడ్ అంటే బంగాళాదుంప. బంగాళాదుంప మొదలుకుని మన మోచేతిని మనం ముద్దుపెట్టుకోలేమన్న సంగతి దాకా, వెల్లుల్లి రొట్టె దాకా అందులో చోటు దొరికింది. నవ్విస్తూ నవ్విస్తూనే ఈ ఒళ్లు ఎంత చిన్నది, ఆకాశం ఎంత పెద్దదన్న చోటికి తీసుకుపోతుంది. మన తత్వాలు పాడేవాళ్లకి ఈ దారి బాగా తెలుసు, తోలుబొమ్మ దగ్గర మొదలుపెట్టి పరమాత్మ దగ్గర తేలతారు.

అందులో ఒక వాయిద్యం, బొయ్ బొయ్ మంటూ సాగే ఇనుప శబ్దం. మొదటి క్షణంలోనే పోల్చుకున్నాను. మోర్సింగ్! మన కచేరీల్లో మృదంగం పక్కన, పళ్లకి ఆనించి, ఇనుప నాలుకని వేలితో మీటుతారే, దాని అమెరికా చుట్టం. అక్కడ దాన్ని జా హార్ప్ అంటారు. వాయించింది లెంకర్ తమ్ముడు నోవా. టూసాన్ ఎడారి ఇంట్లో ఫిడేలు పట్టుకుని మ్యాట్ డేవిడ్సన్ కూడా చేరాడు. మన కచేరీలో తని ఆవర్తనం వచ్చేదాకా మోర్సింగ్ ఉన్నట్టే తెలియదు, మృదంగం నీడలో ఉంటుంది. ఈ పాటలో అది అల్లరిపిల్లాడిలా అందరికంటే ముందు పరిగెత్తింది. ఎక్కడి కొలరాడో మేనల్లుడు, ఎక్కడి అరిజోనా ఇల్లు, ఎక్కడి నా చెవులు! ఆ రాత్రి కాగితం మీద ఊహ ఏమీ రాయలేదు. "మోర్సింగ్" అని మాత్రం రాసుకున్నాను.

2022 జనవరిలో ఆఖరిది, 'సిమ్యులేషన్ స్వార్మ్', వచ్చింది. వేళ్లతో చకచకా మీటే గిటారు, మధ్యలో లెంకర్ ఒక చిన్న గిటారు ముక్క వాయిస్తుంది, పిచ్చుక తీగ మీద నడిచినట్టు. దాంతో లెక్క ఎనిమిది. 20 పాటల్లో ఎనిమిది ముందే విన్నామంటే ఇంచుమించు సగం భోజనం రుచి చూసినట్టే. ఇంక మిగిలిందేముందని అనుకున్నాను.

ఫిబ్రవరి 11, శుక్రవారం, వరుసగా మొదటి నుంచి విన్నాను. అప్పుడు తెలిసింది వడ్డించినవాళ్ల చెయ్యి ఎలాంటిదో. మొదటి పాట 'చేంజ్'. రెండోది 'టైమ్ ఎస్కేపింగ్'. మూడోది 'స్పడ్ ఇన్ఫినిటీ'. నాలుగోది 'సర్టెన్టీ'. అయిదోది ఆల్బమ్ పేరున్న పాట, అది కొత్తది. ఆరు 'స్పారో', ఏడు 'లిటిల్ థింగ్స్'. గమనించండి, ముందు విడుదల చేసిన ఎనిమిదిలో ఆరు పాటల్ని మొదటి ఏడు స్థానాల్లోనే పెట్టారు. అందరికంటే ముందు మన చెవిలో పడ్డ జంట ఆరో, ఏడో చోట కూర్చుంది. ఆర్నెల్లుగా ఎరిగిన ఇళ్ల వీధిలోంచి మనల్ని చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చారు. ఇదంతా తెలిసిందేలే అని మనం ధీమాగా అడుగులేస్తున్నప్పుడు, ఎనిమిదో పాట దగ్గర వీధి అయిపోయింది. అక్కణ్నుంచి పన్నెండో పాట దాకా వరసగా అయిదూ ఎప్పుడూ వినని పాటలే. గరగరలాడే విద్యుత్ శబ్దం, మసకమసక గుసగుస, ఆ వెంటనే 'రెడ్ మూన్' అనే పల్లెటూరి గంతుల పాట. పదమూడులో 'నో రీజన్', పదిహేడులో 'సిమ్యులేషన్ స్వార్మ్', దూరప్రయాణంలో తెలిసినవాళ్లు కనిపించినట్టు.

ఇంకో తమాషా. 'చేంజ్' విడిగా విన్నప్పుడు అది ఒక వీడ్కోలు పాటలా తోచింది నాకు. ఆల్బమ్‌లో మొదటిదిగా విన్నప్పుడు అది వాకిట్లో చెప్పిన షరతులా ఉంది. లోపలికి రండి, ఇక్కడ ఏదీ ఒకేలా ఉండదు, మారుతూ ఉంటుంది, అందుకు ఒప్పుకుంటేనే రండి అన్నట్టు. పాట అదే, ఒక్క స్వరం మారలేదు, చోటు మాత్రం మారింది. 'స్పడ్ ఇన్ఫినిటీ' అల్లరి అయిపోగానే కరెంటు లేని వరండా పాట వచ్చేసరికి, నవ్వి నవ్వి అలిసిన ఇంట్లో దీపం పెట్టినట్టు అనిపించింది. విడిగా విన్న అయిదు నెలల్లో ఆ పాట నాకెప్పుడూ అలా అనిపించలేదు. చివరి పాట 'బ్లూ లైట్నింగ్' అయిపోయాక, తర్వాత ఏం చేద్దామని బ్యాండులో ఎవరో అడగటం రికార్డులో అలాగే వదిలేశారు. గంటా ఇరవై నిమిషాలు పాడినవాళ్లు పని మధ్యలో ఉన్నట్టే ముగించారు.

మేనల్లుడికి క్యాలెండరు కాగితం ఫొటో తీసి పంపాను. నాలుగు ఊహలు, నాలుగు కొట్టివేతలు, కింద మోర్సింగ్. "మామయ్యా, పరీక్ష తప్పావు" అన్నాడు. తప్పిన మాట నిజమే. మరి ఆర్నెల్ల ఎదురుచూపు దండగేనా? కాదు. ప్రతి ఊహా తప్పడం వల్లే తర్వాతి పాటని చెవులు రిక్కించి విన్నాను. ఏమీ ఊహించనివాడికి 'స్పడ్ ఇన్ఫినిటీ' వట్టి కొత్తపాట. సుడిగాలీ కుంపటీ అని రాసుకున్న నాకు అది చెంపదెబ్బ.

ముందుగా వినడంలో నష్టం కూడా ఉంది, అది దాచకూడదు. ఇదే బ్యాండు 2023లో 'వాంపైర్ ఎంపైర్' అనే పాటని కచేరీల్లో, టీవీలో పాడింది. జనం ఆ రూపానికి మనసిచ్చేశారు. జూలైలో స్టూడియోలో తీసిన పాట సింగిల్‌గా వస్తే, ఇది మా పాట కాదు, ఆ ఊపు ఏదీ అని చాలామంది అభిమానులు అలిగారు. ముందు తిన్న రుచి నాలుక మీద గట్టిపడిపోతే, తర్వాత ఎంత బాగా వండినా తేడా వంటకే అంటగడతాం. లెంకర్ మరుసటి ఏడు తన సొంత ఆల్బమ్ 'బ్రైట్ ఫ్యూచర్'లో అదే పాటని ఇంకో రూపంలో పాడింది. ఎవరి రుచి వారికి దక్కింది.

మరి మెతుకు సామెత తప్పా? తప్పు కాదు. 2024లో బేస్ వాయించే మ్యాక్స్ బ్యాండు వదిలాక, మిగిలిన ముగ్గురూ న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ అనే ఒకే స్టూడియోలో, లరాజీ లాంటి పెద్దవారితో సహా చాలామంది వాద్యకారుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఒకేసారి వాయిస్తూ 'డబుల్ ఇన్ఫినిటీ' తీశారు. తొమ్మిది పాటలు, 2025 సెప్టెంబరు 5న వచ్చింది. ముందు వదిలిన 'ఇన్‌కాంప్రహెన్సిబుల్' పాట విని, పొగమంచులా చుట్టుకునే ధ్వని ఉంటుంది, చాలా చేతులు కలిసి వాయిస్తాయి అని రాసుకున్నాను. ఆల్బమ్ అలాగే ఉంది. ఆ పాటే మొదటి పాట కూడా. గిన్నె ఒకటే అయినప్పుడు మెతుకు నిజమే చెబుతుంది.

కాబట్టి నా తీర్పు ఇది. ముందొచ్చిన పాట విని ఆల్బమ్ బాగుంటుందా బాగోదా అని తేల్చకండి. ఎక్కడ తీశారు, ఎవరితో తీశారు, ఎన్ని పొయ్యిల మీద వండారు అని ముందు అడగండి. మా అమ్మ కూడా ఒక గిన్నెలో మెతుకు పట్టి పక్క గిన్నెలో పప్పు ఉడికిందని ఎప్పుడూ అనలేదు.

మనవైపు కూడా సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా పాటలు కట్టుకునే కుర్రాళ్ల బ్యాండ్లు హైదరాబాదులో, విశాఖలో ఉన్నాయి. వాళ్లు ఒక పాట వదిలినప్పుడు బాగుందని ఒక బొమ్మ పెట్టి ఊరుకోకండి. మిగతా పాటలెప్పుడని అడగండి. అడిగేవాళ్లు ఉంటేనే ఆల్బమ్ తయారవుతుంది.

ఇక ఈ గజదొంగల ఆల్బమ్ ఇప్పటిదాకా విననివాళ్లు ఎవరైనా ఉంటే, పేరున్న రెండు పాటలు ఏరుకుని వినకండి. మొదటి పాటతో మొదలుపెట్టి, వరస తప్పకుండా ఇరవయ్యోదాకా వినండి. గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి మొదలుపెడితే, భోజనం ముగిసేసరికి పూర్తవుతుంది.